హృదయ కాఠిన్యం ఎవరిది? మత్తయి 19:8 గురించి ఒక ప్రశ్న

గుంటూరు అక్క అడిగిన ప్రశ్న

అందరికీ ప్రభువు నామంలో వందనాలు. సలహా కూడా కావాలి కానీ, అంతకంటే ముందు ఒక వాక్యం అర్థం కావాలి. అందుకే ఇక్కడ అడుగుతున్నాను.

మా చెల్లికి ఇద్దరు పిల్లలు. పెద్దవాడు మూడో తరగతి, చిన్నది అంగన్‌వాడీకి వెళ్తోంది. మా మరిది తాగినా, తాగకపోయినా చెయ్యి చేసుకుంటాడు. పోయిన క్రిస్మస్‌కి ముందు చెల్లి ఎడమ మణికట్టు విరిగింది. ఆస్పత్రిలో బాత్‌రూమ్‌లో జారిపడ్డానని చెప్పింది. కట్టు కట్టే ఆయన "నిజంగా జారిపడ్డావా తల్లీ?" అని రెండోసారి అడిగినా అదే మాట చెప్పిందట. పండక్కి పిండివంటలు చేస్తూ మా అమ్మ ఒళ్లో తల పెట్టుకుని ఏడ్చేదాకా మాకు ఏమీ తెలియదు.

సంఘ పెద్దల దగ్గరకు వెళ్లాం. వాళ్లు మా మరిదిని పిలిచి మందలించారు. "ఇకపై నా భార్య మీద చెయ్యి చేసుకోను" అని తెల్లకాగితం మీద రాయించి, సంతకం పెట్టించి, ఇద్దరు సాక్షుల చేత కూడా సంతకాలు చేయించారు. ఆ కాగితం సంఘం ఫైల్లో పెట్టి, ప్రార్థన చేసి, చెల్లిని కాపురానికి పంపారు. ఈస్టర్ రాకముందే మళ్లీ కొట్టాడు. మళ్లీ పెద్దలు, మళ్లీ అతని కన్నీళ్లు, మళ్లీ కాగితం. ఈస్టర్ ఆదివారం అందరితో పాటు ప్రభువు బల్ల (ప్రభు రాత్రి భోజనం) తీసుకున్నాడు. ఆ తర్వాత కూడా మానలేదు. ఇప్పుడు చెల్లి పిల్లలతో మా ఇంట్లోనే ఉంది.

"నేనిక వెళ్లను, విడాకులకి వేస్తాను" అని చెల్లి పెద్దల ముందు చెప్పింది. అప్పుడు వారిలో ఒకరు మత్తయి 19 తెరిచి, "దేవుడు జతపరచినవారిని మనుష్యుడు వేరుపరచకూడదు" అని చదివారు. ఆ తర్వాత 8వ వచనం, "మీ హృదయకాఠిన్యమునుబట్టి మీ భార్యలను విడనాడ మోషే సెలవిచ్చెను" అన్నది. చదివి, "చూశావా అమ్మా, విడాకులు అడగడమంటేనే హృదయ కాఠిన్యం. అతను ఏడ్చి క్షమాపణ అడుగుతున్నాడు. క్షమించలేని నీ గుండె రాయి అయిపోయింది" అన్నారు. కోర్టుకి వెళ్తే బల్లకి రానివ్వమని కూడా చెప్పారు.

చెల్లి ఆ రోజు నుంచి బైబిలు ముట్టుకోవడం లేదు. సండే స్కూల్లో కంఠస్థ వాక్యాలకి ప్రైజులు తెచ్చుకున్న పిల్ల.

నేను అడిగేది ఏమిటంటే, విడాకులు దేవునికి ఇష్టం లేకపోతే ధర్మశాస్త్రంలో ఆ మాట ఎందుకు రాయించాడు? ఇష్టమైతే యేసుప్రభువు ఎందుకు కాదన్నాడు? ఆ 8వ వచనంలో కఠినమైన హృదయం అన్నది ఎవరి గురించి? దెబ్బలు తిన్నదాని గురించా?

బేతనియ

సిస్టర్, మీ చెల్లెలి కోసం ప్రార్థిస్తాను. ఆమె పడుతున్న బాధను తక్కువ చేసి మాట్లాడటం లేదు. కానీ వాక్యం వాక్యమే. మోషే ఇచ్చింది ఒక వెసులుబాటు. దేవుని అసలు ఉద్దేశం ఆదికాండము 2లో ఉంది, వారు ఏకశరీరమై యుందురు అని. ప్రభువు మనల్ని మోషే దగ్గర ఆపకుండా అక్కడికి, ఆదికి తీసుకెళ్లాడు. పాత నిబంధనలో జనానికి రాతిగుండె ఉంది కాబట్టి ఆ చట్టం సరిపోయింది. యెహెజ్కేలు 36:26లో "రాతిగుండె మీలోనుండి తీసివేసి మాంసపు గుండెను మీకిచ్చెదను" అని వాగ్దానం ఉంది. ఆ గుండె పొందిన మనం మళ్లీ మోషే పత్రం దగ్గరకు వెళ్లి నిలబడితే, క్రీస్తు మనలో చేసిన పని ఏమైనట్టు? మలాకీ 2:16లో పరిత్యజించుట నాకు అసహ్యమని దేవుడే అన్నాడు.

ఈ రోజు దెబ్బలకి విడాకులు అంటే, రేపు మాట పడలేదని విడాకులు అంటారు. ఆ తలుపు ఒకసారి తెరిస్తే మూయలేం. పిల్లల గురించి కూడా ఆలోచించండి. పెద్దలు కఠినంగా మాట్లాడి ఉండవచ్చు, కానీ కుటుంబం నిలబడాలన్నదే వాళ్ల ఆశ అని నా నమ్మకం.

రిటైర్డ్ టీచరమ్మ, తెనాలి

అమ్మా, ముందు మీ చెల్లికి ఈ ఒక్క మాట చదివి వినిపించు. ఆ వచనంలో కఠిన హృదయం అని ప్రభువు అన్నది ఆమెను కాదు. ఆమె లాంటి వాళ్లను ఇంట్లోంచి గెంటేసే హక్కు తమకుందని వాదించడానికి వచ్చిన మగవాళ్లను అన్నాడు.

నేను లూథరన్ సంఘంలో పుట్టాను. స్కూల్లో తెలుగు, మందిరంలో సండే స్కూలు చెబుతూ నా జీవితం గడిచింది. ఈ అధ్యాయాన్ని ఆడపిల్లల మీదికి రాయిలా విసరడం చాలాసార్లు చూశాను. అందుకే కాస్త వివరంగా రాస్తాను, ఓపికగా చదువు.

19:3తో మొదలుపెట్టాలి. యూదుల్లో ఆచారాలు గట్టిగా పాటించే పరిసయ్యులు అడిగిన ప్రశ్న, "ఏ హేతువుచేతనైనను పురుషుడు తన భార్యను విడనాడుట న్యాయమా?" అని. అడిగేది పురుషులు, అడిగేది పురుషుడి హక్కు గురించి. అప్పట్లో యూదుల బోధకుల్లో ఈ విషయం మీద పెద్ద చర్చ ఉంది. ఆమె వల్ల నీతి తప్పిన పని జరిగితేనే విడనాడాలని షమ్మయి పక్షం వాళ్లు అనేవారు. కూర మాడ్చినా సరే పంపేయొచ్చని హిల్లేలు పక్షం. అంతకంటే అందగత్తె కనబడినా చాలన్నది అకీబా అనే బోధకుడి మాట, ఆయన కాస్త తర్వాతి కాలం వాడు. ఇవన్నీ మిష్నా అనే యూదుల పాత ధర్మ సంకలనంలో రాసి ఉన్నాయి. ఈ వాదనలో ఆడది మాట్లాడే చోటు ఎక్కడా లేదు. ప్రభువు జవాబు విన్నాక శిష్యులు ఏమన్నారో 10వ వచనంలో చూడు. భార్యాభర్తల సంబంధం ఇలాంటిదైతే పెళ్లి చేసుకోకపోవడమే మంచిది అన్నారు! తమ చేతిలో ఉన్న అధికారం పోయిందని వాళ్లకు వెంటనే అర్థమైంది. ప్రభువు తీసేసింది మగవాడి ఇష్టారాజ్యాన్ని. ఆడదానికి ఉన్న కొద్దిపాటి రక్షణను తీసేశాడని ఆ మాటలు విన్నవాళ్లెవరికీ తోచలేదు.

ఇప్పుడు మోషే రాసింది చూద్దాం. ద్వితీయోపదేశకాండము 24:1–4. అక్కడ మోషే విడాకులను కొత్తగా ప్రవేశపెట్టలేదు. అప్పటికే మగవాళ్లు భార్యల్ని పంపేస్తున్నారు. పంపేస్తే ఆమె గతి ఏమిటి? ఇంకొకడు చేసుకుంటే మొదటివాడు వచ్చి "ఇది నా భార్య" అనొచ్చు. అందుకని చట్టం వచ్చింది. పత్రం రాయించాలి. రాయించి ఏం చేయాలి? "ఆమె చేతికిచ్చి" అని ఉంది. ఆ రెండు మాటల దగ్గర ఆగు తల్లీ. పత్రం పెద్దల దగ్గర ఉండదు, అతని దగ్గర ఉండదు, ఆమె చేతిలో ఉంటుంది. నేను స్వతంత్రురాలిని, నన్ను ఎవరూ వెనక్కి లాగలేరు అని చూపించుకోవడానికి. ఆ భాగంలో అసలు నిషేధం 4వ వచనంలో వస్తుంది. ఆమె మరొకరిని పెళ్లాడిన తర్వాత, వాడు పోయినా, వాడు వదిలేసినా, మొదటివాడు ఆమెను మళ్లీ తెచ్చుకోకూడదు. ఇష్టమొచ్చినప్పుడు పంపి, ఇష్టమొచ్చినప్పుడు తెచ్చుకునే ఆట అక్కడితో కట్.

మీ పెద్దలు చేసిన పనిని దీని పక్కన పెట్టి చూడు. వాళ్లూ కఠిన హృదయం ఉన్న మనిషిని చూశారు, అతని నోటి మాట చాలదని తెలుసుకున్నారు, కాగితం రాయించారు. అంతవరకు మోషే చేసిందే చేశారు. కానీ ఆ కాగితం ఫైల్లోకి వెళ్లింది, ఆమె చెయ్యి ఖాళీగా ఉంది. తప్పిన ప్రతిసారీ మరో కాగితం అదే ఫైల్లోకి చేరింది. మోషే ధర్మశాస్త్రం ఆమెకు ఇచ్చినంత కూడా మన సంఘం ఇవ్వలేకపోయింది.

నిర్గమకాండము 21:10, 11 కూడా చదవండి. అక్కడున్నది దాసిగా అమ్ముడుపోయిన అమ్మాయి. ఆ రోజుల్లో అంతకంటే దిక్కులేనివాళ్లు ఉండరు. ఆమెకు తిండి, బట్ట, సంసారధర్మం తక్కువ చేయకూడదు. ఈ మూడూ ఇవ్వకపోతే పైసా కట్టకుండా ఆమె స్వతంత్రురాలై వెళ్లిపోవచ్చు అని దేవుడు చెప్పాడు. దాసికి తిండి పెట్టకపోతేనే వెళ్లిపోవచ్చన్న దేవుడు, భార్య చెయ్యి విరిస్తే ఉండాల్సిందే అంటాడా?

బేతనియ బ్రదర్, మీరు ఆదికాండము 2కి వెళ్లమన్నారు. సంతోషం, నేనూ అక్కడికే వెళ్లాలంటాను. ఆదినుండి అలా లేదు, నిజమే. ఆదినుండి మొగుడు పెళ్లాన్ని కొట్టడం కూడా లేదు. చెయ్యి పుట్టినప్పుడు కట్టుతో పుట్టదు. అయినా విరిగిన చేతికి వేసిన కట్టును "ఇది దేవుడు చేసిన చెయ్యి కాదు" అని ఎవరైనా కోసి పారేస్తారా? కఠిన హృదయం ఉన్నంత కాలం దాని దెబ్బ తగిలేవాళ్ల కోసం ధర్మశాస్త్రం కావాలి. 1 తిమోతి 1:9లో పౌలు చెప్పింది ఇదే. ధర్మశాస్త్రం నీతిమంతునికి నియమించింది కాదు, అక్రమకారులకు, అవిధేయులకు నియమించింది. సంఘ సంస్కర్త లూథర్ కూడా ధర్మశాస్త్రానికి ఉన్న మొదటి పని దుర్మార్గుణ్ణి ఆపడమేనన్నాడు. రెండోది మన పాపం మనకు చూపించి క్రీస్తు దగ్గరకు తరమడం. మరో సంస్కర్త కాల్విన్ మూడోదాన్ని ముఖ్యమన్నాడు, విశ్వాసికి దేవుని చిత్తం నేర్పడం. మన ప్రసంగాల్లో రెండోదీ మూడోదీ బాగా వినబడతాయి. మొదటిది మర్చిపోయాం. ఎవరి చెయ్యి ఆపాలో వాళ్లని వదిలేసి, దెబ్బ తిన్నదానికి మూడోది బోధిస్తున్నాం.

మాంసపు గుండె వాగ్దానం నేనూ నమ్ముతాను. కానీ అది ఆ అమ్మాయి భర్తకి వచ్చేసిందనుకుని అమ్మాయిని పంపించండి అని యెహెజ్కేలు ఎక్కడా రాయలేదు. మలాకీ 2:16 సగమే రాశారు బ్రదర్. అదే వచనంలో ఒకడు తన వస్త్రములను బలాత్కారముతో నింపుట కూడా అసహ్యమని దేవుడు అన్నాడు. రెండూ ఒక ఊపిరిలో అన్నాడు. మొత్తం చదవాలి.

ఒక కతోలిక సహోదరుడు, విశాఖ

మా శ్రీసభలో విడాకులు లేవని అందరికీ తెలుసు. ఈ విషయంలో మాకంటే గట్టిగా ఉండేవాళ్లు తక్కువ. అయినా 1983 నాటి మా శ్రీసభ చట్టం, 1153వ నిబంధన చెప్పేదేమిటంటే, జీవిత భాగస్వామి వల్ల శరీరానికిగానీ మనసుకుగానీ తీవ్రమైన ప్రమాదం ఉంటే, పిల్లలకు ప్రమాదం ఉన్నా సరే, విడిగా వెళ్లిపోవడానికి న్యాయమైన కారణం ఉన్నట్టే. మేత్రాణుల (బిషప్ గారి) ఉత్తర్వుతో వెళ్లొచ్చు. ఆలస్యం చేస్తే ప్రమాదం అనుకుంటే తనంతట తానే వెళ్లొచ్చు. వివాహ బంధం ఉంటుంది, మళ్లీ పెళ్లి చేసుకోకూడదు, అది వేరే సంగతి. విడిగా ఉన్నందుకు దివ్యసత్ప్రసాదం (మీరు బల్ల అనేది) ఆపరు.

పెళ్లి బంధం తెగదని నమ్మే మేమే "ఆ ఇంట్లోనే ఉండు" అనం. బేతనియ బ్రదర్ చెప్పినట్టు బంధం పవిత్రమైనదే. అంతమాత్రాన దెబ్బలు తింటూ అక్కడే ఉండాలని దాని అర్థం కాదు.

గుంటూరు అక్క

టీచరమ్మ గారూ, మీరు రాసింది ఫోన్లో చూస్తూ చెల్లికి చదివి వినిపించాను. "ఆమె చేతికిచ్చి" దగ్గర ఆపి, మళ్లీ చదవమంది. తర్వాత ఒక ప్రశ్న అడిగింది. అతను నిజంగానే ఏడుస్తాడు అక్కా, నటన కాదు, మరి అది మారుమనస్సు కాదా? నేను క్షమించకపోతే నాది కూడా కఠిన హృదయం అవుతుందా? అని. నాకు జవాబు తెలియలేదు. బల్ల గురించి కూడా చెప్పండి. దానికి బాగా టెన్షన్ పడుతోంది.

రిటైర్డ్ టీచరమ్మ, తెనాలి

ఏడవడం గురించి బైబిల్లో అందరికంటే బాగా నేర్పేవాడు ఫరో, ఇశ్రాయేలీయులను బానిసలుగా ఉంచుకున్న ఐగుప్తు రాజు. కఠిన హృదయం అన్న మాట వినగానే మనకు గుర్తొచ్చే మొదటి మనిషి అతనే కదా. నిర్గమకాండము 8 నుంచి 10 దాకా వరసగా చదవండి. కప్పలు వచ్చినప్పుడు "వేడుకొనుడి, జనులను పోనిచ్చెదను" అన్నాడు. వడగండ్లు పడ్డప్పుడు నేను పాపం చేశాను, యెహోవా న్యాయవంతుడు, నేనూ నా జనులూ దుర్మార్గులం అన్నాడు. ఇంతకంటే మంచి ఒప్పుకోలు మన ఉజ్జీవ కూటాల్లో కూడా వినం! అది అబద్ధమని కూడా నేననను. ఆ నిమిషంలో భయం నిజమే. కానీ 8:15 ఏమంటుంది? ఉపశమనము కలిగింది చూసి తన హృదయమును కఠినపరచుకున్నాడు. వడగండ్లు ఆగాక 9:34లో మళ్లీ అదే. కఠిన హృదయానికి గుర్తు కన్నీళ్లు లేకపోవడం కాదమ్మా. మీద ఒత్తిడి ఉన్నంతసేపు మాట ఇవ్వడం, ఊపిరి ఆడగానే ఆ మాట తీసి పక్కన పెట్టడం. క్రిస్మస్‌కి ఒక కాగితం, ఈస్టర్‌కి ఒక కాగితం. పెద్దలు ఫరో కథ దగ్గర పెట్టుకుని ఆ ఫైలు తెరిస్తే బాగుండు.

మారుమనస్సు వచ్చినవాడు ఏం చేస్తాడో లూకా 19లో పన్నులు వసూలు చేసే జక్కయ్యను చూడండి. పెళ్లాన్ని ఇంటికి పంపండి అని అడగడు. తాను అన్యాయంగా తీసుకున్నది నాలుగింతలు తిరిగి ఇస్తానంటాడు. మీ మరిది ఆస్పత్రి ఖర్చు కట్టాడా? పిల్లల ఫీజు పంపుతున్నాడా? తాగుడు మాన్పించే చోటికి తనంతట తాను వెళ్లాడా? దూరంగా ఉండి, ఆమె తొందరపడకుండా ఆగగలుగుతున్నాడా? అవి చూసి చెప్పాలి, ఏడుపు చూసి కాదు.

క్షమించడం గురించి. మీ చెల్లి అతని మీద పగ తీర్చుకోవాలని కోరుకోవడం లేదు. విడిగా ఉండాలనుకుంటోంది. క్షమించి కూడా విడిగా ఉండొచ్చు. తనను చంపాలని తరిమిన సౌలు రాజును దావీదు చంపగలిగీ చంపలేదు, రెండుసార్లు వదిలేశాడు. 1 సమూయేలు 26లో సౌలు "నేను పాపం చేశాను, దావీదా, తిరిగి రా, ఇక నీకు కీడు చేయను" అని పిలిచాడు. దావీదు ఆయన ఈటె ఆయనకు తిరిగి ఇప్పించాడు, కానీ ఆయన ఇంటికి వెళ్లలేదు. తన దారిన తాను వెళ్లిపోయాడు. దావీదుది కఠిన హృదయం అని ఎవరూ అనలేదు.

సువార్తల్లో ప్రభువు కఠిన హృదయాన్ని చూసి దుఃఖపడి, కోపంతో చుట్టూ కలయజూసిన చోటు ఒకటుంది. మార్కు 3:5. ఊచచెయ్యి (ఎండిపోయిన చెయ్యి) గలవాడు మందిరంలో నిలబడి ఉన్నాడు. చుట్టూ ఉన్నవాళ్లు విశ్రాంతి దినపు ఆజ్ఞ మీరుతాడా లేదా అని కనిపెట్టి చూస్తున్నారు. ఆజ్ఞ వాళ్లకు కనబడుతోంది, ఆ చెయ్యి కనబడటం లేదు. ప్రభువు దాన్నే కఠిన హృదయం అన్నాడు. మార్కు ఆ మాటను పరిసయ్యులతో ఆపలేదు. 6:52లో, 8:17లో శిష్యుల మీద కూడా అదే మాట. కాబట్టి ఇది యూదుల జబ్బు అని మనం తప్పించుకోవడానికి లేదు. రెండో శతాబ్దంలో జస్టిన్ లాంటి క్రైస్తవ రచయితలు ధర్మశాస్త్రం యూదుల కఠిన హృదయం వల్లే వచ్చిందని రాశారు. ఆ మాట తర్వాతి కాలంలో ఆ జనాన్ని చిన్నచూపు చూడటానికి బాగా పనికొచ్చింది. ప్రభువు మాత్రం ఆ మాటను ఎదురుగా నిలబడి వాక్యం పట్టుకున్న వాళ్లతోనే అన్నాడు.

బల్ల విషయం. 1 కొరింథీ 5:11 పెద్దల చేత చదివించండి. సహోదరుడు అనిపించుకుంటూ తిట్టుబోతుగా, త్రాగుబోతుగా ఉన్నవాడితో భోజనం కూడా చేయకూడదు అని ఉంది. సంఘాధ్యక్షుడు కొట్టువాడై ఉండకూడదని 1 తిమోతి 3:3లో ఉంది. చెయ్యి విరిచినవాడికి ఈస్టర్ నాడు ఇచ్చి, చెయ్యి విరిగినదానికి ఆపుతామనడం ఏ వాక్యం ప్రకారం అని వినయంగా, కానీ అందరి ముందూ అడగండి. ఒంటరిగా వెళ్లొద్దు. స్త్రీల సమాజంలో పెద్దావిడలు ఇద్దరు ముగ్గుర్ని తీసుకెళ్లండి. సంఖ్యాకాండము 27లో సెలోపెహాదు కుమార్తెలు అయిదుగురూ కలిసి మోషే ముందు, యాజకుడి ముందు, సమాజమంతటి ముందు నిలబడి, మా తండ్రి భూమి మాకెందుకు రాకూడదు అని అడిగారు. మోషే దేవుణ్ణి అడిగితే, వాళ్లు చెప్పింది యుక్తము అని దేవుడన్నాడు. చట్టంలో వాళ్ల కోసం కొత్త మాట చేరింది. అడిగినందుకు వాళ్లను ఎవరూ గయ్యాళులు అనలేదు.

మా పక్క ఊరి సంఘంలో ఇలాగే జరిగితే పాస్టరమ్మ గారు ఆ అమ్మాయిని, పిల్లవాడిని తన ఇంట్లో వెనక గదిలో పెట్టుకున్నారు. కుట్టుమిషన్ ఇప్పించారు. భర్త గేటు దగ్గరకు వచ్చి కేకలు వేస్తే అయ్యగారే బయటికి వెళ్లి, "నువ్వు మారావని నేను నమ్మేదాకా ఈ గేటు దాటవు" అన్నారు. అలాంటి కాపరులూ ఉన్నారు. వెతుక్కోవాలి.

అడ్వకేట్, విజయవాడ

వాక్యం పెద్దలు చెప్పారు, నేను చట్టం వరకే చెబుతాను.

క్రైస్తవులకు వర్తించేది 1869 నాటి విడాకుల చట్టం. 2001లో సవరణ వచ్చేదాకా అందులో ఘోరమైన తేడా ఉండేది. భర్త అయితే భార్య వ్యభిచారం ఒక్కటి రుజువు చేస్తే చాలు. భార్య అయితే భర్త వ్యభిచారంతో పాటు క్రూరత్వమో, వదిలేయడమో కూడా రుజువు చేయాలి. ఎంత కొట్టినా, కొట్టడం ఒక్కటే కారణంగా ఆమెకు విడాకులు దొరికేవి కావు. జిల్లా కోర్టు ఇచ్చినా హైకోర్టు ఖాయం చేయాలి. కేరళ హైకోర్టు 1995లో ఆ తేడాను కొట్టేసింది, 2001లో పార్లమెంటు చట్టాన్నే మార్చింది. ఇప్పుడు సెక్షన్ 10 కింద, కలిసి బతకడం హానికరమని భయపడేంత క్రూరత్వం ఉంటే, ఆ ఒక్క కారణంతో భార్య వేయొచ్చు. పెళ్లి జరిగిన చోటు లేదా చివరిగా కలిసి కాపురం ఉన్న చోటు కోర్టులో వేయాలి.

విడాకులు వద్దు, విడిగా ఉంటే చాలు అనుకుంటే సెక్షన్ 22 కింద న్యాయపరమైన వేర్పాటు అడగొచ్చు. పెళ్లి అలాగే ఉంటుంది. బేతనియ గారి లాంటి వాళ్ల మనస్సాక్షికి కూడా అది ఇబ్బంది కాదనుకుంటా. భరణం విడాకులతో సంబంధం లేకుండా అడగొచ్చు. ఇదివరకు నేర విచారణ చట్టం సీఆర్‌పీసీలో సెక్షన్ 125, 2024 జూలై నుంచి దాని స్థానంలో వచ్చిన బీఎన్ఎస్ఎస్‌లో సెక్షన్ 144.

ఇక ఆ రెండు కాగితాలు. అవి సంఘానికి ఆధ్యాత్మిక విషయం కావచ్చు, కోర్టుకి మాత్రం అతను స్వయంగా రాసి ఒప్పుకున్న సాక్ష్యం, అదీ సాక్షుల సంతకాలతో. వాటి నకళ్లు కావాలని పెద్దలకు రాతపూర్వకంగా అడగండి, అందినట్టు సంతకం తీసుకోండి. ఇవ్వకపోతే కోర్టు ద్వారా తెప్పించవచ్చు. ఆస్పత్రి ఎక్స్‌రే, చీటీ దాచండి. అప్పుడు జారిపడ్డానని చెప్పినా కేసు పోదు; భయంతో అలా చెప్పే వాళ్లు ఎంతమందో కోర్టులకి తెలుసు. పెళ్లి సర్టిఫికెట్ పోతే, రిజిస్టర్ ఎవరి దగ్గర ఉంటే వాళ్లు ఫీజు తీసుకుని నకలు ఇవ్వాలని 1872 నాటి క్రైస్తవ వివాహ చట్టంలోనే ఉంది.

బేతనియ

టీచరమ్మ గారు రాసింది రెండుసార్లు చదివాను. విడాకుల తర్వాత మళ్లీ పెళ్లి విషయంలో నా నమ్మకం అదే, 1 కొరింథీ 7:11 ప్రకారం ఒంటరిగా ఉండాలి లేదా సమాధానపడాలి. కానీ అదే వచనం, ఎడబాసి ఉన్న భార్య గురించి మాట్లాడుతోంది, ఆమెను బలవంతంగా వెనక్కి పంపమనడం లేదు. ఆ అమ్మాయిని బల్లకు ఆపడం నేను సమర్థించను. సెక్షన్ 22 గురించి నాకు కొత్తగా తెలిసింది.

గుంటూరు అక్క

అందరికీ వందనాలు. అడ్వకేట్ గారూ, ఒక్క డౌట్. గృహహింస కేసు వేస్తే అది విడాకుల కేసు అయిపోతుందా? అతను పిల్లల స్కూలు దగ్గరకు వస్తున్నాడు, అది ముందు ఆగాలి. విడాకుల సంగతి చెల్లి నిదానంగా ఆలోచించుకుంటానంటోంది.

అడ్వకేట్, విజయవాడ

అవ్వదు. 2005 గృహహింస చట్టం కింద వేసేది వేరే దరఖాస్తు, పెళ్లిని ముట్టుకోదు. మీ చెల్లెలు ఇప్పుడు తాత్కాలికంగా ఉంటున్న చోటే, అంటే మీ ఊరి మేజిస్ట్రేట్ కోర్టులోనే వేయొచ్చు. దగ్గరికి రాకూడదని, స్కూలు దగ్గర తిరగకూడదని రక్షణ ఉత్తర్వు అడగండి. పిల్లల తాత్కాలిక కస్టడీ, ఖర్చులు కూడా అదే దరఖాస్తులో అడగొచ్చు. లాయరు లేకపోయినా జిల్లా మహిళా శిశు సంక్షేమ శాఖలో ప్రొటెక్షన్ ఆఫీసర్ ఉంటారు, ఆవిడే రాసి పెడతారు. ఫీజు లేకుండా లాయరు కావాలంటే జిల్లా న్యాయ సేవాధికార సంస్థకి వెళ్లండి, ఆడవాళ్లకి ఆదాయంతో పని లేకుండా ఇస్తారు. స్కూలు హెడ్మాస్టరుకి ఈ రోజే ఒక ఉత్తరం రాసి ఇవ్వండి, పిల్లవాడిని తల్లితోగానీ మీతోగానీ తప్ప పంపొద్దని.